ముత్యం ఎవరి ఎంగిలీ తినదు

భరణి కార్తె, ఏడో రోజు

గాలిలోంచి నీళ్ళు పట్టే తేమవలల కింద ఈ పూట ఒక్క కుండే నిండింది. దాంతోనే వంట, దాంతోనే స్నానాలు. ముత్యం తన చెంబెడు నీళ్ళతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ఆ నీళ్ళు వృథా పోకుండా గుమ్మడి పాదులో పడేలా నిలబడి మరీ కడుక్కుంది. ఎవరూ చెప్పలేదు. మా ఆయన అఖిల్‌కి ఈ ముక్క పెళ్ళయినప్పటి నుంచీ చెబుతున్నాను, ఇంకా బుర్రకెక్కలేదు.

పక్కింటి హాసినమ్మ గోడ మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఆవిడ మనవరాలు సగం కొరికిన జామకాయ గోడ మీంచి ముత్యానికి అందించింది. ముత్యం మొహం పక్కకు తిప్పేసి, ఎడమచేతి వేళ్ళు నడుం దగ్గర విదిలించింది. మణికట్టు మీది కడియం ఆ సైగను పైకి పలికింది.

"ఛీ. ఎంగిలి."

"ఏందే లాస్యా, మా పిల్లకు లేని మడి నీ కోతికొచ్చిందేందే?" అంది హాసినమ్మ.

"కోతి గాదు పెద్దమ్మా, చింపాంజీ. కోతికి తోకుంటది. మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదేమో జూసి చెప్పు," అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వింది. ఇలా తిట్టుకోకపోతే మా ఇద్దరికీ చాయ్ తాగినట్టుండదు.

ఉన్న మాట చెప్పాలంటే, ఆ ‘ఛీ’ విని నేను లోలోపల పొంగిపోయాను. ఎంగిలి అనే సైగ, చింపాంజీల మీద పరిశోధన చేసే కేంద్రం వాళ్ళు నేర్పింది కాదు, మా ఇంట్లో పుట్టింది. మన నోట్లోది ఎవరికీ పెట్టకూడదు, ఎవరి నోట్లోదీ మనం తీసుకోకూడదని పట్టుబట్టి నేర్పాను. ఈ అనంతగిరి కాలనీలో ఇంటింటా చింపాంజీ పిల్లలు పెరుగుతున్నారు. పళ్ళెం ముందు నా ముత్యంలా కూర్చునేది ఒక్కటి చూపించమనండి. కడియంలో పలికే గొంతు కూడా నాదే. పసిగుడ్డుగా ఉన్నప్పుడు దాన్ని నా ఒళ్ళో పెట్టి, నా గొంతు తీసుకుని, నేను చిన్నపిల్లనైతే ఎలా ఉండేదో అలా మార్చి అందులో పెట్టారు. ముత్యం మాట్లాడితే మా అమ్మ బతికున్న రోజుల ఇల్లు గుర్తొస్తుంది.

ఎండ సైరన్ మోగి వీధులు ఖాళీ అయ్యేలోపే కేంద్రం నుంచి డాక్టర్ ప్రణవి వచ్చింది. ఈ ఏడే చేరిన పిల్ల. మంచినీళ్ళు కూడా సగమే తాగింది.

"అమ్మా, ముత్యానికి ఏడేండ్లు నిండుతున్నయి గదా," అంది.

ఆ సంగతి నాకు తెలియక కాదు. పోయినేడు పై వీధిలో ఒక చింపాంజీ ఆడుతూ ఆడుతూ పెంచినాయన చేయి విరిచేసింది. అప్పటి నుంచి చట్టం వచ్చింది, ఏడు నిండినవి ఇళ్ళలో ఉండకూడదని. ముత్యం మేకను ఎత్తి గోడ అవతల పెట్టగలదని నాకూ తెలుసు. కేంద్రం వాళ్ళు దాని మాటలు దాచుకున్నారు, లెక్కబెట్టారు, పుస్తకాలు రాసుకున్నారు. ఇక ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు.

ఆరుద్రలో వానలు పడగానే కేంద్రంలోని చింపాంజీల గుంపును జలాశయం మధ్యలో ఉన్న దీవికి తరలిస్తారట. అక్కడికి మనుషులెవరూ వెళ్ళరు. ఆలోపు గుంపు ఒప్పుకుంటే ముత్యం కూడా వెళ్తుంది. ఒప్పుకోకపోతే కేంద్రంలోనే ఒంటిగది, బతికినన్నాళ్ళూ.

"గుంపు ఒప్పుకుంటదమ్మా. తల్లి ఉన్నది గదా," అంది ప్రణవి.

"ఎవరి తల్లి?"

"ముత్యం తల్లి. కస్తూరి అంటం."

తల్లి పాలివ్వలేదు, దగ్గరికి రానివ్వలేదు, మీరే దిక్కు అని చెప్పి కదా నా ఒళ్ళో పెట్టారు. ఇన్నేళ్ళుగా వీధి వీధంతా ముత్యం తల్లి అని పిలుస్తున్నది నన్ను.

పెంచే వాళ్ళ మాటలు రాసుకోవడానికి ఇచ్చిన ఈ పలకలో చెప్పేదంతా పెంపకం ముగిశాకే కేంద్రం వాళ్ళు తెరుస్తారు. అంతవరకూ అనిపించింది అనిపించినట్టు చెప్పాలి, వెనక్కెళ్ళి దిద్దకూడదు. అది నియమం. కాబట్టి చెబుతున్నాను. కస్తూరి అట, కస్తూరి! దాన్ని నేనింకా చూడలేదు. చూడకుండానే ఒళ్ళు మండుతోంది.

కృత్తిక కార్తె, రెండో రోజు

చూశాను.

ఊచల గదిలోకి ముత్యాన్ని ఒక తలుపు నుంచి, కస్తూరిని ఇంకో తలుపు నుంచి వదిలారు. నేనూ ప్రణవీ ఊచలకివతల కూర్చున్నాం. కస్తూరికి గడ్డం నెరిసింది, ఒక చెవి సగం చిరిగింది. పెద్ద అందగత్తేం కాదు. ముత్యాన్ని కాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. గాలిలో వాసన పట్టింది. ముత్యం వాసనా నా వాసనా ఒకటేనని దానికి తెలిసినట్టుంది. ఒక్క ఉదుటున ఊచల దగ్గరికొచ్చి, తన పెంట గుప్పెడు తీసి నా మీదికి విసిరింది. గురి తప్పలేదు.

"సారీ అమ్మా, సారీ," అంటూ ప్రణవి తువ్వాలు తెచ్చింది.

"ఏం కాదులే బిడ్డా," అన్నాను. నిజానికి నాకు కోపం రాలేదు. చేతిలో ఏమైనా ఉంటే నేనూ విసిరేదాన్నే.

ముత్యం నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఊచలు పట్టుకుంది. "అమ్మా, గామె మంచిది గాదు. ఇంటికి పోదాం," అంది కడియం. ఆ గొంతు విన్నాక కస్తూరి ఒంటి మీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. మూలకు వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది, మళ్ళీ కదల్లేదు.

"పిల్ల చేతిలకెళ్ళి మనిషి గొంతు వస్తుంటె భయపడుతున్నది. రేపట్నుంచి కడియం తీసేద్దాం," అంది ప్రణవి.

"మరి ముత్యం మాట్లాడుడెట్ల?"

"చేతులు ఉంటయి గదమ్మా. మనం సైగలు చూద్దాం."

అంటే ముందు నా గొంతు తీసేస్తారు. ఆ తర్వాత వాసన. ఆ తర్వాత నన్ను. ఇంటికొచ్చి అఖిల్‌తో ఇదంతా చెప్పి ఏడ్చాను. అతను పుట్టగొడుగుల తట్టలకు నీళ్ళు చల్లుతూ విన్నాడు.

"నీకు కుళ్ళు ఎక్కువైందే," అన్నాడు.

"అవును, కుళ్ళే. ఎందుకుండదు?"

"ఉండనీ. కాని గామెకెంత ఉండాలె?" అన్నాడు.

ఆ మాటకు అతనితో సాయంత్రం వరకూ మాట్లాడలేదు.

కృత్తిక కార్తె, పదకొండో రోజు

ఇవాళ నాకు పండగ.

కస్తూరికి మేడిపండ్లు పెట్టారు. అది వాటిని నమిలి నమిలి, ముద్దగా చేసి, కింది పెదవిని దొప్పలా ముందుకు చాచి అందులో పెట్టుకుని రసం పీలుస్తుంది. చూడ్డానికి ఏం బాగుండదు. కాసేపయ్యాక లేచి, నెమ్మదిగా ముత్యం పక్కకొచ్చి కూర్చుంది. కూర్చుని, ఆ పెదవిని అలాగే చాచి, ముత్యం మొహం ముందు పెట్టింది. తీసుకోమని.

చింపాంజీ పిల్లలు తల్లి గడ్డం కింద చెయ్యి పట్టి అడుక్కుంటారట, తల్లి పెదవి మీదిది పెడుతుందట. "అడగకముందే ఇస్తున్నదమ్మా! నేనెప్పుడు చూడలే," అని ప్రణవి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ముత్యం ఆ పెదవిని చూసింది. మొహం తిప్పేసింది. ఎడమచేతి వేళ్ళు నడుం దగ్గర చిన్నగా విదిలించింది.

కడియం లేదు కాబట్టి ఆ సైగ ఎవరికీ వినిపించలేదు. ప్రణవికి కేంద్రం నేర్పిన సైగలే వచ్చు. ఛీ, ఎంగిలి అందని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

కస్తూరి చాలాసేపు అలాగే ఉంది. రసం గడ్డం మీదికి కారింది. మింగలేదు. మళ్ళీ ముందుకు జరిగి పెదవి చాచింది. ముత్యం మళ్ళీ తిప్పుకుంది.

"ఎందుకు తింటలేదమ్మా? భయమా?" అని అడిగింది ప్రణవి.

"ఏమో. ఆకలి లేదేమో," అన్నాను.

దారిలో ముత్యాన్ని ముద్దులతో ముంచేశాను. ఎంత పెట్టినా తినలేదు చూడండి, నా పెంపకం! ఇంటికొచ్చి పెసరపప్పు పాయసం చేశాను. హాసినమ్మ గోడ మీంచి ఏంటి విశేషమంటే, ఏం లేదు, ఊరికే అన్నాను. ఊరికే అయితే అంత బెల్లం ఎవరు వేస్తారు, ఈ కరువులో.

రోహిణి కార్తె, నాలుగో రోజు

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా వీధిలో తేమవలల వెదుళ్ళు పగిలాయి.

రోజూ అదే తంతు. మేము వెళ్తాం. కస్తూరి తన తిండిలో మెత్తనిది పెదవి మీద దాచి తెస్తుంది. ముత్యం వేళ్ళు విదిలిస్తుంది. ప్రణవి బుగ్గలు పీక్కుపోయాయి. వాళ్ళ పెద్దలకు ఏం చెప్పాలో తెలియక, పిల్ల సిగ్గరి, పిల్లకు అలవాటు లేదు అని ఏదో ఒకటి చెబుతోందట.

ఇవాళ బయటికి వచ్చేటప్పుడు అడిగాను. "ఒకవేళ గుంపు ఒప్పుకోకపోతే, ఒంటిగదిల ఉంటే, నేను చూడొచ్చునా?"

"రోజు రావచ్చమ్మా. మీకు పాస్ ఇస్తరు. కాని అట్ల కాకూడదు. ఒంటిగది మంచిది గాదు. ఒక్కతే ఉండాలె," అంది.

నా చెవికి మొదటి మాటే ఎక్కింది. రోజూ. దీవికి పోతే ముత్యం మొహం మళ్ళీ చూడను. ఒంటిగదైతే రోజూ చూస్తాను, గోరుముద్దలు పట్టుకెళ్తాను, ఊచల్లోంచి తల దువ్వుతాను. నోరు తెరిచి ‘అది భయం కాదు, ఎంగిలి పట్టింపు’ అని ఒక్క మాట చెప్తే ప్రణవి ఏదో ఉపాయం చేస్తుంది. ముత్యం తింటుంది. ఆ తర్వాత కస్తూరి పిల్ల కస్తూరిది.

చెప్పలేదు. మింగలేక కక్కలేక ఇంటికొచ్చాను.

అన్నం తింటూ ముత్యం చేతులు ఆపింది. "గామె నాకు ఏమైతది?" అని అడిగింది. ఇంట్లో కడియం పెట్టుకుంటుంది కదా, నా చిన్నప్పటి గొంతుతోనే అడిగింది.

అఖిల్ నా వైపు చూశాడు. నేను చారు వడ్డిస్తూ, "ఏం గాదు. తిను," అన్నాను.

అఖిల్ పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

రోహిణి కార్తె, పన్నెండో రోజు

ఇంటికొచ్చి చీరైనా మార్చకుండా పలక ముందు కూర్చున్నాను.

దీవికి వెళ్ళే రోజు దగ్గర పడుతోందని ఇవాళ గుంపులోంచి ఇంకో రెండు ఆడవాటిని కూడా గదిలోకి వదిలారు. కస్తూరి మేడిపండ్ల ముద్దతో ముత్యం దగ్గరికి వెళ్ళింది. ఆ రెండూ కూర్చుని చూస్తున్నాయి. ముత్యం వేళ్ళు విదిలించింది. అప్పుడు కస్తూరి మొదటిసారి ఆ ముద్దను కింద ఉమ్మేసి, దూరంగా వెళ్ళి కూర్చుంది.

వాళ్ళలో లెక్క చాలా సులువట, ప్రణవి తర్వాత చెప్పింది. పెట్టేవాళ్ళూ పెట్టించుకునేవాళ్ళూ ఒక ఇంటివాళ్ళు. పెట్టినా తీసుకోనిది పరాయిది. పరాయిదాన్ని తల్లి కూడా వెనకేసుకురాదు.

రెండింట్లో చిన్నది లేచింది. ముత్యం చెయ్యి పట్టి లాగింది. ముత్యం అందరికీ పెట్టినట్టే దానికీ నమస్కారం పెట్టింది. అది ఆ చేతినే నోట్లో పెట్టుకుని కొరికింది. నేను అరిచాను, ప్రణవి నీళ్ళ గొట్టం విప్పింది, పనివాళ్ళు తలుపులు లాగారు. కస్తూరి లేచి నిలబడింది. రెండడుగులు వేసింది. ఆగిపోయింది.

కుడిచేతి చూపుడువేలు కొస పోయింది. ముత్యం మాటల్లో సగం ఆ వేలితోనే పలుకుతాయి.

ఇంటికి పంపలేదు. కట్టు కట్టి ఒంటిగదిలో పెట్టారు. నాకు పాస్ ఇచ్చారు. నేను కోరుకున్నదే జరిగింది. నా మొహాన కారం కొట్టినట్టుంది.

మృగశిర కార్తె, ఐదో రోజు

రోజూ వెళ్తున్నాను. గోరుముద్దలు పట్టుకెళ్తున్నాను. తల దువ్వుతున్నాను. అంతా అనుకున్నట్టే.

గది శుభ్రంగా ఉంది. ఒక గోడకు పైన జాలీ కిటికీ ఉంది, అవతల గుంపు ఉండే చోటు. కస్తూరి ఆ జాలీ కింద కూర్చుంటుందని పనివాళ్ళు చెప్పారు. ఇటు నుంచి కనిపించదు. పిల్ల ఉన్నట్టు దానికి వాసన తెలుస్తుందేమో.

ఇవాళ బయట చెట్టు కింద ప్రణవి ఒక్కతే కూర్చుని ఉంటే అడిగాను. "కస్తూరి పాలియ్యలేదని అన్నరు గదా బిడ్డా. ఇయ్యనిది ఇప్పుడేంది ఇంత ప్రేమ?"

ఆ పిల్ల నేల చూసింది. "మీకు అట్ల చెప్పిన్రా అమ్మా?"

"మరి?"

"పాలిచ్చింది. మంచిగనే చూసుకున్నది. సంకల పిల్ల ఉండంగనే మత్తు సూది కొట్టిన్రు. పడిపోయినంక తీసుకున్నరు. ఇండ్లకిచ్చిన పిల్లల తల్లులందరికి అట్లనే చేసిన్రు. పసిగుడ్డుగ తీస్తెనే మాటలొస్తయని అప్పటోళ్ళ లెక్క. నేను కాయిదాలల్ల చదివిన. లేచినంక గామె శానా రోజులు అన్నం ముట్టలేదట. ఆ తర్వాత ఏ తల్లి పిల్లను చూసినా మంచిగ నమిలి పెదవి మీద పెట్టుకుని పోయేదట. ఆ తల్లులు ఇయ్యనిచ్చేటోళ్ళు గాదు. ముత్యాన్ని గుర్తుపట్టి ఇస్తున్నదో, పిల్ల కదా అని ఇస్తున్నదో మాకు తెల్వదమ్మా."

పాలు తాగుతున్న బిడ్డను సంకలోంచి లాక్కొచ్చి నా ఒళ్ళో పెట్టారు, నేను దానికి బారసాల చేశాను, వీధికంతా మిఠాయి పంచాను. ఇది నాకు అప్పుడే తెలిసి ఉంటే వద్దనేదాన్నా? అనేదాన్నని చెప్పుకోవాలని ఉంది. పిల్లలు లేని దాన్ని. అనేదాన్ని కాదేమో.

ముత్యం దగ్గరికి తిరిగి వెళ్ళాను. అన్నం తిని, పళ్ళెం తుడిచి, తలుపు పక్కన పెట్టి ఉంది. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో దాచుకుని ఎడమచేత్తో సైగ చేసింది. ఆ వేలు లేక మాటలు ముక్కలుగా వస్తున్నాయి, ఒంటిగదిలో మళ్ళీ పెట్టిన కడియానికి అర్థం కావడం లేదు. నాకు అవుతాయి.

ఎందుకు కొరికిన్రు, అని అడిగింది.

నేను తల నిమిరాను.

నేను తప్పు జెయ్యలే, అంది. చేతులు కడుక్కున్న. నమస్తే పెట్టిన. ఎంగిలి తినలే.

నాకు దుఃఖం ఆగలేదు. అది తప్పు చెయ్యలేదు. నేను చెప్పినవన్నీ అక్షరం తప్పకుండా చేసింది, అందుకే వేలు పోగొట్టుకుంది, అందుకే ఈ నాలుగ్గోడల మధ్య కూర్చుంది. ఇంకా ముప్పై నలభై ఏళ్ళు ఇలాగే చేతులు కడుక్కుని, పళ్ళెం తుడిచి, తప్పెక్కడ జరిగిందో వెతుక్కుంటుంది. నేను పోయాక గోరుముద్దలు ఎవరు తెస్తారు?

మృగశిర కార్తె, ఆఖరి రోజు

మబ్బు పట్టింది. ఎల్లుండి గుంపును దీవికి తీసుకెళ్ళే లారీలు వస్తాయి.

పొద్దున్నే ప్రణవి గదికి వెళ్ళి నిలబడే చెప్పాను. "దానికి భయం గాదు. ఎంగిలని తింటలేదు. ఎడమచెయ్యి విదిలిస్తది చూడు, గదే ఆ సైగ. నేనే నేర్పిన."

"మీకు ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"మొదటి రోజు నుంచి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల, "ఇప్పుడు మరిపించగలరా?" అని అడిగింది.

"చెప్తే ఇనదు. నేను జేస్తె చూస్తది. గామెను, దీన్ని ఒక్కసారి కలుపు. మిగిలినోళ్ళు వద్దు."

పెద్దల అనుమతి కావాలంది. వాళ్ళు వద్దంటే ఏం చేస్తావన్నాను. ఆలోచించి, అడగకుండానే తాళం తీసింది.

ఊచల గదిలో కస్తూరి ఒక మూల, ముత్యం ఇంకో మూల. మేడిపండ్లు పెట్టారు. కస్తూరి నమిలింది, పెదవి మీద పెట్టుకుంది, కానీ ఈసారి ముత్యం వైపు కదల్లేదు. ఎన్నిసార్లని కాదనిపించుకుంటుంది.

నేను ఊచల దగ్గరికి జరిగి, చెయ్యి లోపల పెట్టి, అరచెయ్యి వెల్లకిలా తిప్పి, కస్తూరి గడ్డం కింద పట్టాను. వాళ్ళ పిల్లలు పట్టినట్టే.

"అమ్మా, చెయ్యి తియ్యండి! కొరికేస్తది!" అని అరిచింది ప్రణవి. "అది తింటె రోగాలొస్తయి!"

"రానీ," అన్నాను.

కస్తూరి నా చెయ్యి చూసింది. నా మొహం చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు, ఇన్ని వారాలుగా నేను దాన్ని చూస్తున్నది అలాగే. నా బిడ్డను తిన్నదానా అన్నట్టు. నా వేళ్ళు ఐదూ దాని నోటి ముందున్నాయి. కొరికినా నాకు అనడానికేం లేదు. ఏమీ ఇవ్వకపోయినా అనడానికేం లేదు. నేను అడుక్కుంటూనే ఉన్నాను. చెయ్యి నొప్పి పుట్టి కిందికి జారుతుంటే ఇంకో చేత్తో పట్టుకున్నాను.

ఆవిడ తల వంచింది. ముద్దలో కొంత నా అరచేతిలో పడింది. వెచ్చగా ఉంది.

నోట్లో పెట్టుకున్నాను. పీచూ గింజలూ ఉమ్మీ. తియ్యగానే ఉంది.

ముత్యం మూలలోంచి ఎగిరి వచ్చింది. నన్ను చూస్తూ ఎడమచెయ్యి గట్టిగా విదిలించింది. అమ్మా, ఛీ! ఎంగిలి! నేను దాన్ని కసిరినట్టే నన్ను కసిరింది, కనుబొమ్మల ముడితో సహా.

"కాదు బిడ్డా. అమ్మ ఎంగిలి ఎంగిలి గాదు," అన్నాను.

ఎవరి అమ్మ, అంది.

నోట్లో మిగిలిన ముద్ద మింగి, కస్తూరిని చూపించాను. "నీ అమ్మ. నిన్ను కన్నది. మొన్న ఏం గాదని చెప్పిన గదా, అబద్ధం చెప్పిన."

ముత్యం నన్నూ ఆవిడనూ మార్చి మార్చి చూసింది. నేను ఇంకోసారి చెయ్యి చాచాను, కస్తూరి ఇంకొంచెం పెట్టింది, ఇంకోసారి తిన్నాను. అప్పుడు ముత్యం వచ్చి నా చెయ్యి పక్కనే, కట్టు ఉన్న తన చెయ్యి పట్టింది. కస్తూరి నా వైపు మళ్ళీ చూడలేదు. పెదవి మీద మిగిలిందంతా ఆ చేతిలో పెట్టేసింది. ముత్యం దాన్ని వాసన చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, చేదు మందు మింగినట్టు నోట్లో వేసుకుంది. తర్వాత కళ్ళు తెరిచి, మళ్ళీ చెయ్యి పట్టింది.

"ఇంక తల్లి వెనకేసుకొస్తదమ్మా, దీవికి పోతది," అంటూ ప్రణవి ఏడుస్తోంది. నేను ఏడవలేదు. నేను తినిపిస్తే ముత్యం ఎప్పుడూ మళ్ళీ అంత ఆత్రంగా చెయ్యి పట్టలేదు.

కస్తూరి ఆ కట్టు చేతిని పట్టుకుని తన ముందుకు లాక్కుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మెడ దగ్గర వెంట్రుకలు పాయ తీసి చూడ్డం మొదలుపెట్టింది. ముత్యం ఆవిడ భుజం మీంచి తల ఎత్తి, నా వైపు చెయ్యి లేపి ఏదో చెప్పబోయింది. కస్తూరి ఒకసారి వెనక్కి నన్ను చూసింది. చూసి, బిడ్డతో సహా గుండ్రంగా తిరిగి కూర్చుంది. ఇక నాకు వెడల్పాటి నల్లటి వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ముత్యం చేతులు ఏం చెప్పాయో నాకు తెలియదు.

కాసేపు చూసి లేచి వచ్చేశాను. ఆవిడ మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆవిడ చోట నేనున్నా అలాగే తిరిగి కూర్చునేదాన్ని.